మా అమ్మాయికి చెక్క క్లారినెట్ కొన్న కథ

2025 ఫిబ్రవరి మొదట్లో ఓ బుధవారం, ప్రైవేట్ క్లాసు అయిపోయాక క్లారినెట్ టీచర్ నన్ను లోపలికి పిలిచారు. "మీ అమ్మాయి ఆగస్టులో హైస్కూల్‌కి వెళ్తోంది కదా, ఈలోపు చెక్క క్లారినెట్ చూడండి. ఆడిషన్లు ముందు పెట్టుకుని అక్టోబరులో కొంటామంటే మాత్రం నేను ఒప్పుకోను" అన్నారు. ధర అడిగితే రెండు మూడు వేల డాలర్లని చాలా మామూలుగా చెప్పారు. రూపాయల్లో సుమారు రెండు, రెండున్నర లక్షలు. ఈ దేశం వచ్చి ఇన్నేళ్ళయినా, పెద్ద ఖర్చు ఎదురైతే రూపాయల్లోకి మార్చి చూసుకునే అలవాటు నాకు పోలేదు.

మేముండేది డాలస్ శివార్లలో. ఇక్కడి తెలుగు పిల్లల్లో వయొలిన్, పియానో నేర్చుకునేవాళ్ళు వీధికి నలుగురు కనిపిస్తారు గానీ, స్కూల్ బ్యాండ్‌లో క్లారినెట్ పట్టినవాళ్ళు తక్కువ. ఎవరినైనా అడుగుదామంటే మాకు దొరకలేదు. అందుకే ఏం జరిగిందో, ఎక్కడ ఎంతయిందో వరసగా రాస్తున్నాను.

ఆరో తరగతిలో బ్యాండ్‌లో చేరినప్పుడు నెలకు ముప్పై డాలర్ల చొప్పున ప్లాస్టిక్ యమహా అద్దెకు తీసుకున్నాం. కట్టిన అద్దె కొనుగోలు కింద జమ అవుతుంది, మూడేళ్ళు కట్టేసరికి అది సొంతం. దాన్ని వెనక్కిస్తే కొత్తదాని ధరలో కొంత తగ్గిస్తామని షాపు నుంచి ఈమెయిళ్ళ మీద ఈమెయిళ్ళు. మా వారు వెంటనే ఇచ్చేద్దామన్నారు. టీచర్‌ని అడిగితే చెయ్యి అడ్డంగా ఊపారు. హైస్కూల్‌లో మార్చింగ్ బ్యాండ్, అంటే కవాతు చేస్తూ వాయించేది ఉంటుంది. జూలై ఆఖరు నుంచే టెక్సాస్ ఎండలో పార్కింగ్ లాట్‌లో ప్రాక్టీసు, తర్వాత శుక్రవారం రాత్రుళ్ళు ఫుట్‌బాల్ మైదానంలో, ఒక్కోసారి వానలో. చెక్క వాద్యాన్ని అక్కడికి తీసుకెళ్ళకూడదు, ఆ ఎండకి పగిలిపోతుంది. అక్కడికి ప్లాస్టిక్‌దే వెళ్ళాలి. అంటే ఇకమీదట ఇంట్లో రెండు క్లారినెట్లు ఉంటాయన్నమాట. వెనక్కిచ్చేసి, మళ్ళీ ఆగస్టులో ఇంకో ప్లాస్టిక్‌ది కొనుక్కున్న తల్లిదండ్రులు నాకు తర్వాత ఇద్దరు ముగ్గురు కనిపించారు.

టీచర్ చెప్పిన రెండో మాట ఇంకా పనికొచ్చింది. క్లారినెట్ సంగతి తర్వాత, ముందు మౌత్‌పీస్, అంటే నోట్లో పెట్టుకుని ఊదే ముక్క, మార్చమన్నారు. అద్దె క్లారినెట్‌తో వచ్చింది యమహా 4సి. మొదలుపెట్టే పిల్లలకి అది సరిపోతుంది. స్ప్రింగ్ బ్రేక్‌లో ఆవిడ తన డబ్బాలోంచి వాన్‌డోరెన్ కంపెనీవి కొన్ని తీసి ఒకదాని తర్వాత ఒకటి ఊదించారు: బి45, ఎం30, ఎం13 లైర్, బీడీ5. నేను చిన్నప్పుడు విజయవాడలో వీణ నేర్చుకున్నాను, చెవి కాస్త బాగానే ఉంటుంది. అదే ప్లాస్టిక్, అదే పిల్ల, ఎం13 లైర్ పెట్టగానే ధ్వని మధ్యలో గట్టిపడింది. అంచుల్లో గాలి చప్పుడు పోయింది. ఇంత తేడా నూట పాతిక డాలర్లకే వస్తుందని నేను అనుకోలేదు.

ఇక్కడ ఓ చిన్న చిక్కు ఉంది. ఆన్‌లైన్‌లో కొనబోతే ఈ కంపెనీ మౌత్‌పీసుల్లో కొన్నిటికి ఒకే పేరుతో రెండేసి రకాలు కనిపించాయి, ఒకదాని మీద '13 సిరీస్' అని ఉంది. అమెరికాలో బ్యాండ్లు ఎ నోటుని సెకనుకి 440 కంపనాలకి శ్రుతి చేస్తాయి, ఈ 13 సిరీస్ ఆ శ్రుతికి చేసింది. మామూలు రకం 442కి. డబ్బా మీద ఆ చిన్న అంకె చూసుకోకపోతే పిల్ల ఎప్పుడూ కాస్త హెచ్చు శ్రుతిలోనే ఉంటుంది, మౌత్‌పీస్ కింద ఉండే బ్యారెల్ అనే చిన్న ముక్కని బయటికి లాగుతూనే ఉండాలి. మౌత్‌పీస్‌తో పాటు దానికి బిగించే సన్నటి రెల్లు ముక్క, రీడ్, కూడా రెండున్నర నుంచి మూడో నంబరుకి, అంటే ఇంకాస్త గట్టిదానికి మారింది. మొదటి వారం దవడలు నొప్పని ఒకటే గొడవ.

బ్యాండ్ పోటీలు అయ్యాక ఏప్రిల్ రెండో వారంలో షాపుకి వెళ్ళాం. సేల్స్ అబ్బాయి మంచివాడే గానీ, మొదటి ప్రశ్నే "మీ బడ్జెట్ ఎంత?" నేను "ఇంకా అనుకోలేదు, ముందు వినాలి" అన్నాను. ఈ ప్రశ్నకి అంకె చెప్పకండి. చెప్తే సరిగ్గా ఆ అంకెకు ఓ వంద పైన ఉన్నదే బల్ల మీదికి వస్తుంది. తర్వాత కీస్‌కి, అంటే వేళ్ళతో నొక్కే మీటలకి, వెండి పూత ఎంత బావుందో, నికెల్ పూత ఎందుకు జారుతుందో, కొత్త కేస్‌కి ఎన్ని జేబులున్నాయో చెప్పుకుంటూ పోయాడు. నెల నెలా కట్టే మెయింటెనెన్స్ ప్లాన్ గురించి కూడా చెప్పాడు. క్లారినెట్ ఎలా మోగుతుందన్న మాట మాత్రం చివరిదాకా రాలేదు.

ఊదటానికిచ్చిన గదిలో కార్పెట్ పరిచి ఉంది, గోడలకి నురగ పలకలు. పక్కనే ఎవరో ఎలక్ట్రిక్ గిటార్ పరీక్షిస్తున్నారు. మా అమ్మాయికి కొత్తవాళ్ళ ముందు వాయించడమంటే సిగ్గు, బాగా వచ్చిన వేగమైన ముక్కొకటే గబగబా వాయించేసి "ఇది బాగుందమ్మా, వెళ్దాం" అంది. అలాంటి గదిలో, అలాంటి మూడ్‌లో ఏదైనా బాగానే ఉంటుంది. అడిగితే కొన్ని వారాలు ఇంటికి ఇస్తామన్నారు, కార్డు మీద పూర్తి ధర బ్లాక్ చేసి. చెక్క యమహా, 650 మోడల్ తెచ్చుకున్నాం. మేం అడిగాక చెప్పారే తప్ప ఈ సౌకర్యం ఉందని బోర్డు మీద ఎక్కడా లేదు.

ఈలోగా క్లారినెట్లు మాత్రమే అమ్మే ఓ దూరపు షాపుకి ఫోన్ చేశాను. అక్కడివాళ్ళు ట్రయల్‌కి పంపిస్తారు, నచ్చనివి వెనక్కి పంపేయచ్చు. రానూ పోనూ రవాణా, ఇన్సూరెన్సు మనవే, మాకు 95 డాలర్లయింది. బఫే కంపెనీ ఇ13 మోడల్ అడిగితే "ఒకటా, రెండా?" అన్నారు. ఒకే మోడల్ రెండు ఎందుకని నాకు వింతగా అనిపించింది. చెక్క కదా, ఏ రెండూ ఒకలా ఉండవు, రెండూ ఊది చూసుకోమన్నారు. సరే పంపమన్నాను.

మే మొదటి వారంలో పెట్టె వచ్చింది. సంతకం చేసి తీసుకోవాలి, కాబట్టి ఆ రోజు ఇంటి నుంచి పని పెట్టుకున్నాను. లోపల పైనే ఓ కాగితం: ట్రక్కు వేడి తగ్గి గది వేడికి వచ్చేదాకా రెండు గంటలు తియ్యొద్దు, కొత్త చెక్క కాబట్టి రోజుకి ఇరవై నిమిషాలకు మించి ఊదొద్దు. మూడేసి వేల డాలర్ల వస్తువులు రెండు హాల్లో టేబుల్ మీద మూత పెట్టి ఉంటే, మా చిన్నాడు బంతితో అటూ ఇటూ పరిగెడుతుంటే, ఆ రెండు గంటలూ నాకు టెన్షనే.

ఒకే మోడల్ అయినా రెండూ నిజంగానే వేరుగా ఉన్నాయి. మా అమ్మాయికి కూడా తెలిసిపోయింది. క్లారినెట్‌లో కింది స్థాయి అయిపోయి పైదానికి దాటేచోట గొంతు నోట్లు అని కొన్ని ఉంటాయి, అందులో బి ఫ్లాట్ ఎప్పుడూ మూసుకుపోయినట్టు వస్తుంది. ఎంత మంచి వాద్యమైనా ఆ నోటు అంతే, ఎందుకంటే ఆ నోటు పలికించడం, పై స్థాయికి దాటించడం, రెండు పనులూ ఒకే చిన్న రంధ్రం చెయ్యాలి. రెండిట్లో ఒకదానిలో అది ఫరవాలేదు. రెండోదాంట్లో ముక్కు దిబ్బడ వేసినవాడు మాట్లాడినట్టు ఉంది.

అప్పుడే టీచర్ ద్వారా నాలుగోది వచ్చింది. ఆవిడకు తెలిసిన ఒకాయన కమ్యూనిటీ బ్యాండ్ మానేసి తన బఫే ఆర్13 అమ్ముతున్నారు, 2,400 డాలర్లు. ఆర్13 అంటే 1950లలో రాబర్ట్ కారే రూపొందించిన మోడల్, ఇప్పటికీ ఈ దేశంలో ఆర్కెస్ట్రా వాళ్ళు, మ్యూజిక్ కాలేజీ పిల్లలు విరివిగా వాడతారు. కొత్తది ఐదు వేల పైన. సీరియల్ నంబర్ కంపెనీ వెబ్‌సైట్‌లో కొడితే ఇది 1990ల మధ్యలో తయారైందని వచ్చింది. పై ముక్కకీ కింది ముక్కకీ ఒకే నంబర్ ఉందో లేదో చూడమని టీచర్ చెప్పారు, ఉంది.  అమ్మే ఆయన "ఎప్పుడూ ఏ సమస్యా రాలేదు" అన్నారు. ఈ మాట గుర్తుంచుకోండి.

మే మధ్యలో టీచర్ గదిలో నాలుగూ పెట్టి చూశాం. ఇక్కడ రీజియన్ ఆడిషన్లలో, అంటే చుట్టుపక్కల స్కూళ్ళ పిల్లల్లోంచి ఈ ప్రాంతపు బ్యాండ్లకి ఎంపిక చేసేటప్పుడు, జడ్జీలకి పిల్లలు కనపడకుండా తెర కడతారు. మేమూ అదే పద్ధతి పెట్టుకున్నాం. మా వారు, నేను, టీచర్ గోడవైపు తిరిగి కూర్చున్నాం. మా అమ్మాయి తన మౌత్‌పీసే అన్నిటికీ మార్చి మార్చి పెట్టి, ఏది ముందో తనే నిర్ణయించుకుని వాయించింది. మొదట నెమ్మదిగా ఒక్కో నోటూ పట్టి ఉంచడం, తర్వాత కింది నుంచి పై స్థాయికి దాటే స్వరాలు, చివర్న పాట. వేగమైన ముక్కలు వద్దని టీచర్ ముందే చెప్పేశారు, వేగంలో లోపాలన్నీ దాక్కుంటాయట.

నేను మూడోది రాసుకున్నాను. టీచర్ కూడా మూడే. మా వారు కాగితం మీద ఏమీ రాయలేదు. "నాకు నాలుగూ ఒకేలా ఉన్నాయి, అన్నిటికంటే చవకది ఏది?" అన్నారు. మూడోది ఆర్13. శ్రుతి చూపించే ట్యూనర్ పెట్టి చూస్తే అన్నిటికంటే నిలకడగా సూది మధ్యలో నిలబడింది మాత్రం యమహా. ఈ ఆర్13లో అడుగున ఉన్న ఎఫ్ శ్రుతి కాస్త తగ్గుతోంది. అది నాకు గట్టిగా వినిపించింది, చెప్పాను కూడా. టీచర్ "పెదవితో, గాలితో సర్దుకోవడం నేర్చుకుంటుంది" అన్నారు. మా అమ్మాయిని అడిగితే, "అమ్మా, ఇది ఊదడం కష్టంగానే ఉంది. కానీ మెల్లగా ఊదినా గొంతు పోవట్లేదు. మిగతావి మెల్లగా ఊదితే సన్నబడిపోతున్నాయి" అంది. పద్నాలుగేళ్ళ పిల్ల అంత వివరంగా చెప్తుందనుకోలేదు. నా మనసు అక్కడే మళ్ళిపోయింది.

పాత వాద్యం కొనేముందు రిపేర్ షాపులో చూపించడం తప్పనిసరి అని టీచర్ పట్టుబట్టారు. పరీక్షకు 60 డాలర్లు. మే ఆఖరి వారంలో తీసుకెళ్ళాం. రిపేర్ షాపాయన మొదట ఏమీ ఊదలేదు. పై ముక్క విడదీసి, రంధ్రాలన్నీ వేళ్ళతో మూసి, ఒక చివర అరచేతికి ఆనించి, రెండో చివర నోట్లో పెట్టుకుని గాలి లోపలికి పీల్చారు. సరిగ్గా మూసుకుంటే అలా పట్టి నిలవాలట, ఇది వెంటనే వదిలేసింది. తర్వాత సిగరెట్ కాగితాన్ని సన్నగా చీల్చి కీ అడుగున రంధ్రాన్ని మూసే మెత్తటి బిళ్ళ, ప్యాడ్, ఒక్కోదాని కింద పెట్టి, కీ మూసి, మెల్లగా లాగి చూశారు. కొన్నిచోట్ల పట్టుకుంది, కొన్నిచోట్ల ఊరికే జారి వచ్చేసింది. ప్యాడ్లన్నీ మార్చాలి.

ఆ తర్వాత దీపం దగ్గరికి జరిపి భూతద్దం నా చేతికిచ్చారు. పై ముక్కలో, ట్రిల్ కీస్ అనే మీటల రంధ్రాల దగ్గర నుంచి పైకి, వెంట్రుకంత సన్నటి గీత. దాని పక్కనే నల్లగా పూడ్చిన చుక్కలు, ఆవగింజ కంటే చిన్నవి. ఎప్పుడో పగిలితే అడ్డంగా సన్నటి పిన్నులు దించి, జిగురు పెట్టి, చివరలు పూడ్చేశారు. "పని చక్కగా చేశారు, ఏళ్ళ క్రితం చేసింది, గీత కదల్లేదు. ధ్వనికి ఏమీ కాదు. కానీ ధరకి అవుతుంది" అన్నారాయన. పగుళ్ళు ఎక్కువగా ఈ చోటే వస్తాయట.

కారులో ముగ్గురం ఏమీ మాట్లాడుకోలేదు. మా అమ్మాయి కళ్ళలో నీళ్ళు. నాకు ఆ అమ్మే ఆయన మీద మండిపోతోంది. సాయంత్రం ఫోన్ చేస్తే, తాను కొన్నప్పటికే అలా ఉందని, తనకి గుర్తు లేదని ఏదో చెప్పారు. మర్నాడు ఆయనే ఫోన్ చేసి 1,700కి ఇస్తానన్నారు.

మా అత్తయ్య అప్పుడు తెనాలి నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. "పగిలిన వస్తువుని డబ్బిచ్చి కొనుక్కుంటారా ఎవరైనా?" అన్నారు. మా వారూ అటే మొగ్గారు. నిజానికి నాకూ మూడొంతులు వద్దనే ఉంది. కానీ ఇంట్లో నా వీణ ఉంది, ఒకే పనస దుంగ నుంచి తొలిచిన బొబ్బిలి వీణ. ఇక్కడికి తెచ్చిన మొదటి చలికాలం హీటర్ పొడి గాలికి కుండ దగ్గర బీట ఇచ్చింది. ఆ రోజు నేను ఏడ్చిన ఏడుపు మా వారికి గుర్తే. అతికించాక ఇన్నేళ్ళుగా మోగుతూనే ఉంది. అది చూపించి, అత్తయ్యా, ఇదీ పగిలిందే కదా అన్నాను. ఆవిడ "అది మీ అమ్మగారు ఇచ్చింది, ఇది కొనేది, రెండూ ఒకటెలా అవుతాయి?" అన్నారు. ఆ మాటకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

చివరికి తేల్చింది రిపేర్ షాపాయన. ఫోన్ చేసి, మీ పిల్లకైతే కొంటారా అని సూటిగా అడిగాను. "ఓవర్‌హాల్‌తో కలిపి రెండున్నర వేల లోపు పడితే కొంటాను. రెండేళ్ళలో అమ్మేసే ఆలోచన ఉంటే కొనను" అన్నారు. మాకు అమ్మే ఆలోచన లేదు. ట్రయల్‌వి రెండూ వెనక్కి పంపేశాం, యమహా అప్పటికే షాపుకి చేరిపోయింది.

ఓవర్‌హాల్ 750 డాలర్లు. ప్యాడ్లన్నీ, కార్కులన్నీ కొత్తవి, కీస్ బిగింపు, చెక్కకి నూనె. జూన్ 6న ఇస్తే మూడు వారాలన్నారు, జూలై 18న చేతికొచ్చింది. కారణం నాకు ముందు తట్టలేదు. వేసవికి స్కూళ్ళు మూసేయగానే చుట్టుపక్కల స్కూల్ బ్యాండ్ల వాద్యాలన్నీ రిపేర్‌కి ఒకేసారి వచ్చి పడతాయి. షాపు వెనక గదిలో ట్యూబాలు, శాక్సఫోన్లు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి.

లెక్క చూస్తే, వాద్యానికి 1,700, ఓవర్‌హాల్ 750, మౌత్‌పీస్ 125, ట్రయల్ రవాణా 95, పరీక్ష 60, లోపల తుడిచే గుడ్డ, కార్క్ గ్రీజు, కేస్‌లో పెట్టే తేమ ప్యాకెట్లు కలిపి నలభై. అంతా కలిపి 2,800కి కాస్త తక్కువ. షాపులో కొత్త ఇ13 గానీ 650 గానీ కొంటే 8.25 శాతం పన్నుతో మూడు వేలు దాటేది. అంటే డబ్బు పరంగా పెద్దగా మిగల్లేదు, పైగా వారంటీ లేదు. ఇన్సూరెన్సు వాళ్ళు ఇంటి పాలసీలో కలపడానికి విలువ పత్రం అడిగారు. రిపేర్ షాపాయన రాసిచ్చారు, పగులు సంగతి కూడా అందులో రాసి.

ఇంటికొచ్చాక అమ్మాయికి ఇంకో నిరాశ. పాతదే అయినా, కొన్నేళ్ళుగా ఎవరూ ఊదలేదు కాబట్టి కొత్త చెక్కలాగే మెల్లగా అలవాటు చెయ్యాలి. మొదటి వారం రోజుకి పావుగంటే, తర్వాత కొంచెం కొంచెం పెంచాలి. ఊదిన ప్రతిసారీ లోపల తుడవాలి. చల్లగా ఉంటే ముందు చేతుల్లో పట్టుకుని వెచ్చబరచాలి, వేడి గాలి ఊదకూడదు. మా అమ్మాయి గడియారం చూసుకుంటూ విసుక్కునేది. ఫిబ్రవరిలోనే మొదలుపెట్టమని టీచర్ ఎందుకు తొందరపెట్టారో మాకు ఆగస్టులో అర్థమైంది. అప్పటికి మార్చింగ్ మొదలై రోజంతా ప్లాస్టిక్‌దే, సాయంత్రం అలసిపోయి వచ్చి దీన్ని పట్టుకునేది.

సెప్టెంబరులో రెండు నోట్లు పలకడం మానేశాయి. మళ్ళీ గుండె జారింది. తీసుకెళ్తే కొత్త ప్యాడ్లు కుదురుకునేటప్పుడు ఇది మామూలేనని పది నిమిషాల్లో స్క్రూలు సర్ది ఇచ్చారు. ఓవర్‌హాల్ తర్వాత మూడు నెలలు ఈ సర్దుబాట్లు ఉచితం, బిల్లు వెనక రాసే ఉంది. రీజియన్ ఆడిషన్‌లో చివరి బ్యాండ్‌లో చివరి వరసలో చోటు వచ్చింది. క్లారినెట్ వల్లా, మా అమ్మాయి చేసిన ప్రాక్టీసు వల్లా అంటే నేను చెప్పలేను. అడుగు ఎఫ్ ఇంకా తగ్గుతూనే ఉంది, నేను ఇంకా చెప్తూనే ఉన్నాను.

జనవరిలో హీటర్లు వేశాక ఆ గీత చూపించడానికి ఓసారి వెళ్ళొచ్చాం. కదల్లేదన్నారు. ఏడాదికోసారి చూపించమన్నారు. ఈసారి మే మొదట్లోనే ఇచ్చేస్తాం, స్కూళ్ళ ట్యూబాలు వచ్చి పడకముందే.